కాళ్లు ఎటు చూస్తున్నాయి?

నలుగురి మధ్యా పుల్లలు పెట్టే మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. ఈ కుటుంబంలో బాబాయ్ నలుగురి కాళ్ల దగ్గరా పుల్లలు పెట్టాడు. మాటవరసకి అనడం లేదు, అవి నిజం పుల్లలే. చంకలో రెండు పొడుగాటి పుల్లలు ఇరికించుకుని తిరగడం, ఎవరైనా నిలబడి కనిపిస్తే వాళ్ల పాదాల ముందు ఒకటి, దానికి కాస్త ఎడంగా ఇంకొకటి నేలమీద పరచడం, వెనక్కి వెళ్లి ఒక కన్ను మూసి చూడటం, "మీ కాళ్లు ఎటు చూస్తున్నాయండీ?" అని అడగడం. ఇదీ ఆయన జబ్బు. దీనికి మందు లేదు, పథ్యం లేదు, విసుక్కుంటే తగ్గేది అసలే కాదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ రోడ్ల మీద గీతలు వేయించాడాయన. రిటైరయ్యాక రోడ్లు ఎవరి చేతుల్లోకో పోయాయి కానీ గీతలు మాత్రం ఆయన బుర్రలోనే ఉండిపోయాయి. గోడమీద ఫోటో వంకరగా ఉంటే ఆయనకి ముద్ద దిగదు. కుర్చీ బల్లకి సమంగా లేకపోతే కూర్చోడు. అసలు కూర్చోవడమే తక్కువ. నిలబడి టీ తాగుతాడు, నడుస్తూ పేపరు చదువుతాడు, మనం మాట్లాడుతుంటే మన చుట్టూ తిరుగుతాడు. ఆయనతో అరగంట గడిపితే మన మెడ పట్టేస్తుంది.

అలాంటి మనిషికి సొంత అన్న కూతురు గోల్ఫ్ ప్రాక్టీసు మైదానంలో మేనేజరైంది. ఇంకేం కావాలి? మర్నాడు పొద్దున్నే బాబాయ్ గేటు దగ్గర ప్రత్యక్షం.

ఆ మైదానం పెద్దదేం కాదు. ఒక వరసలో రబ్బరు చాపలు, ఎదురుగా పొడుగ్గా పచ్చగడ్డి, ఆ చివర ఎర్ర జెండా. బంతులు వీధిలోకి పోకుండా అటూ ఇటూ ఎత్తైన వలలు. కుడివైపు వల మొదలయ్యే చోట చిన్న క్యాంటీన్, దాన్ని నడిపే ఆవిడ. జనం బుట్టెడు బంతులు తీసుకుని, చాపమీద పక్కవాటుగా నిలబడి, జెండాకేసి కొట్టి, బంతి ఇంకెటో పోతే చేతిలోని కర్రని, అదే క్లబ్‌ని తిట్టుకుని ఇళ్లకి పోతారు.

"క్లబ్ ఏం చేసింది పాపం?" అంటాడు బాబాయ్. అని ఊరుకుంటాడా? పుల్లలు తీస్తాడు.

ఒకరోజు పళ్ల డాక్టరు దొరికాడు. మంచివాడే గానీ ఆయన బంతికి కుడివైపు వలతో ఏదో చుట్టరికం ఉంది. ఎటు కొట్టినా అక్కడికే పోతుంది.

"డాక్టరుగారూ, మీ కాళ్లు ఎటు చూస్తున్నాయి?"

"జెండా వైపే కదండీ!"

"అదే తప్పు. జెండా దగ్గరికి వెళ్లేది మీరా, బంతా?"

"బంతి."

"మరి బంతిని చూడనివ్వండి. ఇదిగో, బంతి పక్కన పెట్టిన ఈ పుల్ల బంతి దారి. తిన్నగా జెండాకి పోతుంది. మీ వేళ్ల ముందు పెట్టిన ఈ పుల్ల మీ దారి. దాని పక్కనే పోతుంది గానీ దాన్ని ముట్టుకోదు. రైలు పట్టాల్లాగా. పట్టాలు రెండూ కలిసిపోతే ఏమవుతుంది?"

"రైలు పడిపోతుంది."

"మీ బంతి రోజూ పడుతోంది."

డాక్టరు ముఖం ఎర్రబడింది. నేరుగా మేనేజరు గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, నేను రోజంతా జనం చేత నోళ్లు తెరిపించే మనిషిని. సాయంత్రం ఇక్కడికొచ్చి మీ బాబాయ్ నోరు మూయించలేక చస్తున్నాను."

ఆమె నీళ్లిచ్చి, నచ్చజెప్పి పంపించింది. ఇలా నచ్చజెప్పడమే ఆమె ఉద్యోగంలో సగం అయిపోయింది.

ఇంట్లో పిన్ని పరిస్థితి ఇంకా అన్యాయం. "స్టవ్ ముందు నిలబడితే నా కాళ్లకింద పుల్లలు పెడతారే! నా కాళ్లు గిన్నె వైపు చూస్తున్నాయట. గిన్నె వైపు చూడక ఎటు చూస్తాయి, పక్కింటి వైపా?" అని ఫోనులో గోల. "ఆయన్ని నువ్వే ఉంచుకో తల్లీ. సాయంత్రం చీకటి పడ్డాకే పంపించు. లేదంటే నేనొచ్చి మీ మైదానంలో చాప వేసుకుని పడుకుంటాను."

అంచేత ఆమె బాబాయ్‌ని భరించింది. భరించడం అంటే తప్పేమో. చిన్నప్పుడు సైకిల్ నేర్పింది ఆయనే, రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, "ఈ గీత మీదే పోవాలి అమ్మడూ, పడ్డా గీత మీదే పడాలి" అంటూ. ఆమెకి ఆయనంటే ప్రాణం. ఆ ప్రాణమే అప్పుడప్పుడూ తీస్తుంటాడు, అంతే.

మొదట్లో బాధ కొంతలో కొంత నయం. పుల్లలు సన్నగా ఉండేవి, పాత టెంటులోంచి ఊడదీసినవి. తనకీ, అడిగినవాళ్లకీ, మహా అయితే డాక్టరులాగా దొరికిపోయినవాళ్లకీ పెట్టేవాడు. క్యాంటీన్ కిటికీ పగిలిన తర్వాతే ఆ పిచ్చి ముదిరింది.

ఆ కిటికీ సంగతి చెప్పాలి. మైదానానికి రోజూ వచ్చేవాళ్లలో ఒక రిటైర్డు హెడ్మాస్టారున్నారు. మనిషి నిటారుగా ఉంటారు, గొంతు ఇప్పటికీ బడి గంటలాగే మోగుతుంది. ఆయన గోల్ఫ్ ఆడతారంటే ఎవరూ నమ్మరు, బంతిని కూడా దండించడానికి వచ్చారనుకుంటారు. ఒక పొద్దున ఆయన చాపమీద నిలబడి, బాగా చూసుకుని, గట్టిగా ఒకటి పీకారు. బంతి జెండా ఊసే ఎత్తకుండా క్యాంటీన్ కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికెళ్లి పాలగిన్నెలో పడింది.

క్యాంటీన్ ఆవిడ కేకలు, పాలు నేలపాలు. మేనేజరు పరుగున వచ్చేసరికి బాబాయ్ హెడ్మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాదే తప్పమ్మడూ. పుల్ల వంకరగా పెట్టాను. మాస్టారు పాపం దాన్ని నమ్మి కొట్టారు."

హెడ్మాస్టారు గొంతు సవరించుకుని, "ఆఁ. అదే. ఇంకోసారి జాగ్రత్తగా ఉండు" అన్నారు, ఏడో తరగతి పిల్లాడికి చెప్పినట్టు.

బాబాయ్ స్వయంగా కొత్త అద్దం బిగించాడు. అక్కడితో ఆగాడా? క్యాంటీన్ గోడకి వేలాడే ఎర్ర బకెట్టు తీసేసి నీలం బకెట్టు తెచ్చి తగిలించాడు. "ఎర్రది బానే ఉంది కదయ్యా?" అని ఆవిడ మొత్తుకుంటే, "నీలం కంటికి చల్లగా ఉంటుందమ్మా" అన్నాడు. తల పూర్తిగా తిరిగిందని అందరూ ఖాయం చేసుకున్నారు.

అదిగో, అప్పట్నించీ మైదానంలో ఎవరికీ మనశ్శాంతి లేదు. అడిగినా అడక్కపోయినా ప్రతి చాప మీదా పుల్లలు. సన్న పుల్లలు పోయి నీళ్ల పైపుల్లాంటి లావుపాటివి వచ్చాయి. తర్వాత వాటికి పసుపు రంగు పడింది, రోడ్డుకి వేసే రంగు. కళ్లు జిగేలుమంటాయి. పిన్ని తువ్వాళ్లన్నీ పచ్చబడ్డాయి. అది చాలదన్నట్టు ఎవరు ఏ బంతి కొట్టినా అది ఎక్కడ పడిందో వరస వెంట తిరుగుతూ మైకు లేకుండానే ప్రకటించడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, జెండాకి కాస్త ఎడమ! బాగుంది! డాక్టరుగారూ, మీది వలలో! మళ్లీ వలలో! అయ్యో, అదీ వలలోనే!"

డాక్టరు ఇక మేనేజరుతో మాట్లాడలేదు. ఏకంగా మైదానం యజమానికి ఫోన్ చేశాడు. యజమాని మేనేజరుకి చేశాడు.

"ఆదివారం పోటీకి నేను వస్తున్నాను. ఆ పసుపు పుల్లలు నా కంటికి కనిపించకూడదు. కనిపించాయా, మీ బాబాయ్ ఇక ఈ గేటు తొక్కడానికి వీల్లేదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్" అంది ఆమె. ఫోన్ పెట్టేసి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. తిరగడం వాళ్ల వంశంలోనే ఉంది. మైదానం లేకపోతే బాబాయ్ ఏమైపోతాడు? రోజంతా ఇంట్లో పిన్ని కాళ్ల చుట్టూ తిరుగుతాడు. ఇద్దరిలో ఎవరు ముందు ఎవరి మీద విరుచుకుపడతారో చెప్పలేం.

ఆదివారం పొద్దున బాబాయ్ గేట్లోకి రాగానే చెయ్యి చాపింది. "ఇలా ఇయ్యి."

"ఏంటి?"

"పుల్లలు. అన్నీ."

"అందరివీనా?"

"అందరివీ."

బాబాయ్ ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారాడు. "హెడ్మాస్టారి చాప దగ్గరవి కూడానా?"

"బాబాయ్!"

"సరే సరే. పోనీ, ఆయన్ని ఇవాళ పోటీకి పిలవకపోతే ఏం? పెద్దాయన, ఎండ..."

"ఆయన పేరు అందరికన్నా ముందు ఇచ్చారు. బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఇవాళొక్క రోజు నోరు కట్టేసుకో. బంతి ఎక్కడ పడిందో చెప్పకు. పుల్ల కనిపించిందంటే నిన్ను రేపట్నించి రానివ్వరు. నిన్ను పొమ్మనాల్సింది నేనే. నా చేత ఆ మాట అనిపించకు."

బాబాయ్ మాట్లాడకుండా పుల్లలిచ్చాడు. ఆమె వాటిని గదిలో బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన మాట్లాడకపోవడం మాత్రం ఆమెకి అస్సలు నచ్చలేదు.

యజమాని వచ్చాడు. పెద్ద టోపీ, నల్ల కళ్లద్దాలు, కొత్త ఎర్ర కారు. ఆ కారుని తీసుకొచ్చి, అందరూ చూసి మెచ్చుకునేలా, క్యాంటీన్ పక్కన ఆపాడు.

పోటీ తేలికే. తలొక బంతి. ఎవరిది జెండాకి దగ్గరగా పడితే వాళ్లకి కప్పు. బాబాయ్ చాపల వెనక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పుల్లలు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టాడు, తీశాడు, వెనక కట్టుకున్నాడు, మళ్లీ జేబుల్లో పెట్టాడు.

డాక్టరు కొట్టాడు. బంతి చుట్టాల్ని చూడటానికి కుడి వలలోకి వెళ్లింది. బాబాయ్ నోరు తెరుచుకుంది. మేనేజరు గుడ్లురిమింది. నోరు మూసుకుంది. ఆ మాట మింగడానికి ఆయన పడ్డ అవస్థ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

తర్వాత హెడ్మాస్టారు. చాపమీదికి హుందాగా నడిచారు. తల ఎత్తి ఎదురుగా చూశారు. ఎడమకి చూశారు. కుడికి చూశారు. కుడివైపు ఆయనకి ఏదో నచ్చినట్టుంది, ముఖం విచ్చుకుంది. కాళ్లు కాస్త కాస్త జరుపుకుంటూ అటు తిరిగారు. క్లబ్ బంతి వెనక ఆనించారు.

మేనేజరు ఆయన చూపు వెంట చూసింది. అక్కడ యజమాని ఎర్ర కారు మిలమిలలాడుతోంది.

అరవాలా, పరిగెత్తాలా, కళ్లు మూసుకోవాలా అని తేల్చుకునేలోపే పెద్ద కేక వినిపించింది.

"అమ్మో! నా నడుం!"

బాబాయ్. హెడ్మాస్టారి వెనక చాపమీద దభీమని పడ్డాడు. పడ్డవాడు ముడుచుకుని పడాలి కదా? ఒక పక్కకి ఒత్తిగిలి, చేతులు తలపైకి చాపి, కాళ్లు బిగదీసి, గీత గీసినట్టు పడ్డాడు. ఒక కన్ను మూసి దూరంగా ఏదో చూసుకుని, నడుం నొప్పితోనే కాస్త అటు జరిగి సర్దుకున్నాడు కూడా.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు హెడ్మాస్టారు.

"పట్టేసింది మాస్టారూ! కదల్లేను! మీ మడమలు రెండూ కాస్త నా వీపుకి ఆనించండి, ఉపశమనంగా ఉంటుంది."

"నేనేమన్నా వైద్యుణ్ణా?"

"నేనున్నాను కదా!" అని డాక్టరు ముందుకొచ్చాడు.

"మీది పళ్ల వైద్యమండీ, ఇది నడుం! మాస్టారూ, ఆనించండి, ప్రాణం పోతోంది!"

హెడ్మాస్టారు గొణుక్కుంటూ ఒక మడమ ఆనించారు. రెండోది ఆనించాలంటే తిరగక తప్పలేదు. గడియారం ముల్లులా మెల్లగా తిరిగారు, కారు నుంచి వలకి, వల నుంచి గడ్డికి. రెండు మడమలూ బాబాయ్ వీపుకి తగిలాయి. "హమ్మయ్య" అన్నాడు బాబాయ్. "ఇప్పుడు మీ పని మీరు కానివ్వండి."

హెడ్మాస్టారు కొట్టారు. బంతి తిన్నగా, అచ్చం తిన్నగా పోయింది.

"సూటిగా మాస్టారూ!" కింద పడుకున్నవాడే తల ఎత్తి అరిచాడు. "జెండా ముందు పడింది!"

"నాకు కనిపించిందిలేవయ్యా, నువ్వు చెప్పాలా?" అన్నారు హెడ్మాస్టారు. ఆయన చూస్తున్నది జెండా ఉన్న వైపు కూడా కాదు.

అప్పటికి గానీ మేనేజరుకి వెలగలేదు. గోడమీద ఫోటో వంకరగా ఉంటే ముద్ద దిగని మనిషి, పుల్ల వంకరగా పెట్టడమేమిటి? ఎర్ర బకెట్టు తీసి నీలంది తగిలించడమేమిటి? దూరం ఆననివాళ్లకి కాళ్ల దగ్గరైనా కనిపించాలంటే పుల్లలు లావెక్కాలి, పచ్చబడాలి. బంతి ఎక్కడ పడిందో ఎవరో ఒకరు అరిచి చెప్పాలి. ఆమెకి సిగ్గేసింది, కోపం వచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియదు. వెళ్లి బాబాయ్‌ని లేవదీసి పక్కకి లాక్కెళ్లింది.

"నాకొక్క ముక్క చెప్పొచ్చు కదా?"

"ఏం చెప్పను? ఆయన నాకు చెప్పుకోలేదు. ఆయనే దాచుకున్న మాట నేనెలా చెప్తాను?"

"పోనీ ఆయనకొక్కరికే పెట్టొచ్చుగా! అందరినీ ఎందుకు చంపుకుతిన్నావ్?"

"ఒక్కడికే పెడితే అందరికీ తెలిసిపోదూ? అందరికీ పెడితే నాకు పిచ్చనుకుంటారు." బాబాయ్ చొక్కాకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. "అనుకోనీ. నాకేం నష్టం?"

ఆయన వీపు మీది దుమ్ము ఆమె దులిపింది. ఈలోగా యజమాని ఊగిపోతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఈ తమాషా? పోటీ మధ్యలో పడుకోవడమేంటి? నేను చెప్పింది ఈయన గురించేనా?"

"పుల్లలు కనిపించకూడదన్నారు. కనిపించలేదు కదండీ" అన్నాడు బాబాయ్ వినయంగా.

"ఈ మనిషి రేపట్నించి..."

"ఒక్క నిమిషం సార్" అని ఆమె గదిలోకి వెళ్లింది. బీరువా తాళం తీసింది. చేతులనిండా పసుపు పుల్లలు ఎత్తుకొచ్చి చాపల వరస పొడుగునా, ప్రతి చాప మీదా రెండేసి పరుచుకుంటూ పోయింది. జనం నోళ్లు తెరుచుకున్నాయి. డాక్టరుకైతే లోపలి పళ్లు కూడా కనిపించాయి.

"సార్, ఇలా నిలబడండి. ఒక్క బంతి కొట్టండి. తిన్నగా పోకపోతే బాబాయ్‌తో పాటు నేనూ గేటు బయటికి పోతాను."

"నేనా? నేను ఇవాళ ఆడటానికి రాలేదు."

"మీ బంతి కూడా కుడి వలలోకే పోతుందని విన్నాను సార్."

అంతమంది ముందు ఆ మాటంటే ఏ యజమాని ఊరుకుంటాడు? టోపీ తీసి ఆమె చేతిలో పెట్టి, క్లబ్ అందుకుని పుల్లల మధ్య నిలబడ్డాడు. ఆమె వెనక్కి వెళ్లింది. ఒక కన్ను మూసింది. "సార్, మీ కాళ్లు ఎటు చూస్తున్నాయి?"

"జెండా వైపే కదా!"

"అదే తప్పు సార్" అంది. తన నోట్లోంచి బాబాయ్ గొంతు వినిపించి తనే ఉలిక్కిపడింది. ఆయన కాళ్లు సరిచేసింది.

యజమాని బలంగా ఊపాడు. క్లబ్ బంతి నెత్తిని మాత్రం తాకింది. బంతి ఎగరలేదు. గడ్డిలో చిట్టెలుకలా దొర్లుకుంటూ పోయి, కొంతదూరం వెళ్లి ఆగిపోయింది. మేనేజరుకి ఉద్యోగం కళ్లముందే దొర్లిపోయినట్టనిపించింది.

బాబాయ్ ఇక ఆగలేకపోయాడు. "సూటిగా! గీత గీసినట్టు! ఈ ఊపుకి గాల్లోకి లేచి ఉంటే జెండాకే కొట్టేది!"

యజమాని బంతిని చూశాడు, జెండాని చూశాడు, మధ్యలో ఉన్న దారి చూశాడు. ముందు ఆయన బొజ్జ కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. "నిజమేనయ్యా! ఇన్నేళ్లలో నా బంతి వల మొహం చూడకపోవడం ఇదే మొదటిసారి. ఆ పుల్లలు రెండు నా కార్లో పెట్టించు."

"మరి బాబాయ్ సంగతి సార్?"

"గోల చేస్తే చేయనీ. కానీ మళ్లీ పడుకోకూడదు."

కప్పు హెడ్మాస్టారికే వెళ్లింది. బాబాయ్ వీపు నియమాలకి విరుద్ధమని డాక్టరు వాదించాడు గానీ, మనుషుల వీపుల గురించి నియమాల్లో ఎక్కడా లేదని మేనేజరు తేల్చేసింది. తన కారు అద్దాలు ఆ పూట ఎవరి వీపు పుణ్యాన మిగిలాయో యజమానికి తెలియలేదు. ఆమె చెప్పలేదు కూడా.

మర్నాటి నుంచి ప్రతి చాప మీదా పసుపు పుల్లలు ఉండి తీరాలని గేటు దగ్గర బోర్డు వెలిసింది. ఎవరైనా సణిగితే మేనేజరే స్వయంగా వచ్చి కాళ్లు సరిచేస్తోంది, బంతి ఎక్కడ పడిందో తనూ అరుస్తోంది. "పిచ్చి ఒకరికే అనుకున్నాం, ఇంటిల్లిపాదికీ ఉంది" అని డాక్టరు క్యాంటీన్ ఆవిడతో అన్నాడు. అది మేనేజరు చెవిన పడింది. ఎందుకో ఆ మాట ఆమెకి కప్పు గెలిచినంత సంతోషమిచ్చింది. అన్నట్టు, డాక్టరు బంతి ఇప్పుడు వలకి చుట్టపుచూపుగా మాత్రమే వెళ్తోంది.

కొన్నాళ్లకి ఒక పొద్దున హెడ్మాస్టారు మేనేజరు గది గుమ్మంలోకి వచ్చారు. అటూ ఇటూ చెవి ఒగ్గి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గితే మామూలు మనుషుల కేకంత ఉంటుంది.

"అమ్మాయ్, మీ బాబాయ్ విషయం ఒకటి చెప్పాలి. ఎవరితోనూ అనకు."

"చెప్పండి మాస్టారూ."

"మంచివాడమ్మా. కాకపోతే ఆ పుల్లలు ఎవరో ఒకరికి పెట్టకపోతే ఆయనకి తోచదు. నాకు వాటి అవసరం ఏముంది? ఏదో ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక పెట్టించుకుంటున్నాను. నువ్వు కూడా కాదనకు."

"అలాగే మాస్టారూ. మీరలా సర్దుకుపోబట్టే ఆయన సంతోషంగా ఉన్నాడు" అంది ఆమె, పెదవి లోపల్నుంచి కొరుక్కుంటూ.

హెడ్మాస్టారు తృప్తిగా తలాడించి, గుమ్మం చేత్తో తడుముకుని బయటికి నడిచారు. బయట బాబాయ్ అప్పటికే ఆయన చాప దగ్గర వంగుని పుల్లలు సర్దుతున్నాడు. తల ఎత్తి, గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేక అవస్థ పడుతున్న మేనేజరుని చూసి, అక్కణ్నుంచే కేక పెట్టాడు.

"అమ్మడూ, నీ కాళ్లు ఎటు చూస్తున్నాయి?"

"నీ వైపే బాబాయ్."

"అదే తప్పు!" అన్నాడు, పుల్లలు పట్టుకుని పరుగున వస్తూ.